పాత డెస్క్‌టాప్‌లలో వర్చువల్ మెషీన్లు నడుస్తాయో లేదో మనమే ఎలా చూసుకోవాలి?

క్షీరారామం_వీధి, పాలకొల్లు

అందరికీ నమస్తే అండి. పాలకొల్లులో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. ఇన్నేళ్లూ టాలీ, ఎంఎస్ ఆఫీస్, డీటీపీ, ఇవే నేర్పాను. ఈ ఏడాది డిగ్రీ చదివే అమ్మాయిలు తొమ్మిది మంది లైనక్స్ నేర్పమని పట్టుబట్టారు. కొందరు నరసాపురం వైపు నుంచి, ఇద్దరైతే దిండి నుంచి చించినాడ వంతెన దాటి బస్సు మీద వస్తారు. హైదరాబాద్ పంపి నేర్పించే స్తోమత వీళ్ల ఇళ్లలో లేదు, ఉన్నా పంపరు. అందుకని ఇది ఎలాగైనా ఇక్కడే నేర్పాలని నా పట్టుదల.

నా ఆలోచన ఏమిటంటే, విండోస్‌ను తీసేయకుండా దాని లోపలే ఒక్కొక్కరికి ఒక వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది, పెట్టిస్తే వాళ్లు ఎంత చెడగొట్టుకున్నా ముందే దాచుకున్న నకలుతో, అంటే స్నాప్‌షాట్‌తో, రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు, పొద్దున బ్యాచ్‌కి టాలీ ఎప్పటిలాగే నడుస్తుంది.

నా దగ్గర ఆరు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. మూడింటిలో పెంటియం డ్యూయల్ కోర్ ఈ5200, ఒకదానిలో కోర్ 2 డ్యూయో ఈ7500, రెండింటిలో ఐ3-2120. అన్నిటికీ 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఇవి కాక నా లాప్‌టాప్ రైజెన్ 5, విండోస్ 11 హోమ్.

ఆ రెండు ఐ3లు మొన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. వర్చువల్ మెషీన్ల కోసమే అని ముందే చెప్పి కొన్నాను, "అన్నీ సపోర్ట్ చేస్తాయి మేడమ్" అన్నారు. తీరా వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్ వేసి స్టార్ట్ కొడితే వీటీ-ఎక్స్ లేదంటూ పెద్ద ఎర్రర్. 64 బిట్ లైనక్స్ అసలు లిస్టులోనే కనిపించడం లేదు, అన్నీ 32 బిట్‌వే చూపిస్తోంది. షాపుకి ఫోన్ చేస్తే "అది ఐ5 నుంచే ఉంటుందండి, మార్చుకోండి, ఒక్కోదానికి ఇంకో ఆరు వేలు అవుతుంది" అంటున్నారు. రెండింటికీ పన్నెండు వేలు. ఫీజులు చూస్తే అంత పెట్టే పరిస్థితి లేదు.

ఆ మాట నిజమేనా? ఎవరో చెప్పింది నమ్మడం కాకుండా, ఏ మిషన్‌లో ఉంది ఏ మిషన్‌లో లేదు అని నేనే చూసుకునే పద్ధతి చెప్పండి. ఈ సంగతి తేలేదాకా పిల్లలకి తేదీ చెప్పలేకపోతున్నాను.


లాకుగట్టు, భీమవరం

మేడమ్, ముందు ఆ పన్నెండు వేలు తీయకండి. ఐ3-2120లో వీటీ-ఎక్స్, అంటే వర్చువల్ మెషీన్లు నడపడానికి చిప్‌లోనే ఉండే ఫీచర్, ఉంది. 2011లో వచ్చిన చిప్ అది, ఇంటెల్ ఈ ఫీచర్‌ను 2005లోనే పెంటియం 4 మోడళ్లలో తెచ్చింది, ఏఎండీ వాళ్లు మరుసటి ఏడాది తెచ్చారు. ఐ5 నుంచే అనేది తప్పు మాట. 2120లో లేనిది వీటీ-డీ. అది గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాన్ని నేరుగా వర్చువల్ మెషీన్‌కి అప్పగించడానికి పనికొస్తుంది, మీ క్లాసుకి దాంతో పనే లేదు. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

నేను ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో చేస్తున్నాను, కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. పిల్లలకి నేను మన పొలాల లెక్కలో చెప్తాను. కాలవలో నీళ్లు ఉండటం ఒకటి, మన తూము తెరిచి ఉండటం ఒకటి, పై చేనువాళ్లు కట్టేసుకోకుండా ఆ నీళ్లు మన మడి దాకా రావడం ఒకటి. చేలో తడి లేదని కాలవే ఎండిపోయిందంటే ఎలా? చిప్‌లో ఫీచర్ ఉండటం కాలవ. బయోస్‌లో, అంటే మిషన్ ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్‌లో, అది ఆన్ అయి ఉండటం తూము. విండోస్‌లో ఇంకో ప్రోగ్రామ్ దాన్ని ముందే పట్టుకుని కూర్చోకపోవడం మూడోది. మీ షాపాయన మూసి ఉన్న తూమును చూసి కాలవ లేదంటున్నాడు.

చూడటం ఇలా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కండి. గ్రాఫ్ కింద కోర్లు, సాకెట్ల పక్కనే వర్చువలైజేషన్ అని ఒక లైను ఉంటుంది. ఎనేబుల్డ్ అంటే కాలవా తూమూ రెండూ బాగున్నట్టే. డిసేబుల్డ్ అని ఉంటే అక్కడితో ఆశ వదలకండి, అసలు సంగతి తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్‌ఇన్ఫో అని కొట్టండి, ఖాళీ లేకుండా ఒకే పదంగా. పెద్ద చిట్టా వస్తుంది, మీకు కావలసింది అట్టడుగున హైపర్-వీ (వర్చువల్ మెషీన్లు నడిపే విండోస్ సొంత ప్రోగ్రామ్) రిక్వైర్‌మెంట్స్ అన్న చోట ఉన్న నాలుగు లైన్లు. అందులో వీఎం మానిటర్ మోడ్ ఎక్స్‌టెన్షన్స్‌కి ఎదురుగా యెస్ అని ఉంటే చిప్‌లో ఫీచర్ ఉన్నట్టు. వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ ఇన్ ఫర్మ్‌వేర్‌కి ఎదురుగా నో అని ఉంటే బయోస్‌లో ఆపేసి ఉన్నట్టు. ఆ నాలుగు లైన్లూ ఒక్కో మిషన్‌కి విడిగా రాసి ఇక్కడ పెట్టండి, మిగతాది చూద్దాం.

ఈ5200 గురించి మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను, దానిలో లేదు. బయోస్ అంతా వెతికినా దొరకదు, ఆ మూడింటి మీద టైము పెట్టకండి.

ఇంకొకటి. బయోస్‌లోకి వెళ్లకుండానే వీటీ ఆన్ చేస్తాం అని కొన్ని సాఫ్ట్‌వేర్లు కనిపిస్తాయి, వాటి జోలికి అసలు పోవద్దు. మిషన్ లేచేటప్పుడు బయోస్ ప్రాసెసర్‌లోని ఒక రిజిస్టర్‌లో ఆన్ లేదా ఆఫ్ అని రాసి, దాని పక్కన ఉండే లాక్ బిట్ వేసేస్తుంది. మళ్లీ రీసెట్ అయ్యేదాకా దాన్ని విండోస్ కూడా కదపలేదు. కాబట్టి అలా చేస్తామని చెప్పేవాళ్లు మీ మిషన్‌లో వేసేది వేరే ఏదో.


గోదారి_ముసురు, తణుకు

పై ఆయన చెప్పింది విండోస్ పద్ధతి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు నేను పాటించేది చెప్తాను, డబ్బు ఇచ్చేముందు షాపులోనే అయిపోతుంది. ఉబుంటు అనే లైనక్స్ వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి బ్యాగులో పెట్టుకుని వెళ్తాను. హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా దానిమీదే బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ కొడితే వర్చువలైజేషన్ అన్న చోట వీటీ-ఎక్స్ అనో, ఏఎండీ చిప్ అయితే దాని బదులు ఏఎండీ-వీ అనో వస్తుంది. లేదా ప్రాక్ డైరెక్టరీలో సీపీయూఇన్ఫో ఫైలు తెరిచి ఫ్లాగ్స్ వరుసలో వెతకండి. ఇంటెల్ అయితే వీఎంఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది, నేనూ ఒకసారి దీనివల్ల మంచి మిషన్ వదిలేసుకుని వచ్చాను. పాత లైనక్స్ కెర్నళ్లలో (కెర్నల్ అంటే సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) బయోస్‌లో ఆఫ్ చేసి ఉన్నా వీఎంఎక్స్ అని కనిపించేది. 2020లో వచ్చిన 5.6 నుంచి, బయోస్ ఆపేసి ఉంటే ఆ ఫ్లాగ్‌నే తీసేసి చూపిస్తోంది. అంటే కొత్త ఉబుంటులో వీఎంఎక్స్ కనపడకపోతే చిప్‌లో లేదని కాదు, డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే వచ్చే చిట్టాలో డిసేబుల్డ్ బై బయోస్ అన్న లైను ఉందేమో చూసి, ఉంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేసి మళ్లీ చూడాలి. సీపీయూ-చెకర్ అనే ప్యాకేజీ వేసుకుంటే కేవీఎం-ఓకే అని ఒక కమాండ్ వస్తుంది, అది ఈ సంగతంతా ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేస్తుంది.

ఈ7500 విషయం కొంచెం తిరకాసు. అదే పేరుతో రెండు రకాలు వచ్చాయి. ప్రాసెసర్ లోహపు మూత మీద ఎస్ఎల్‌బీ9జెడ్ అని ఉంటే వీటీ లేదు, ఎస్ఎల్‌జీటీఈ అని ఉంటే ఉంది. పేరొక్కటే చూసి ఎవరూ చెప్పలేరు, మీ దగ్గర ఏది ఉందో చూడాల్సిందే.


క్షీరారామం_వీధి, పాలకొల్లు

లాకుగట్టు గారూ, ముసురు గారూ, ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మధ్యాహ్నం బ్యాచ్ లేని టైములో అన్నీ చూశాను.

ఐ3లు రెండూ ఒకేలా ఉన్నాయి. మానిటర్ మోడ్ యెస్, ఫర్మ్‌వేర్‌లో ఎనేబుల్ నో, సెకండ్ లెవల్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ యెస్, చివరిది యెస్. అంటే మీరన్నట్టు తూమే మూసి ఉంది! డిలీట్ కీ నొక్కుతూ స్టార్ట్ చేశాను. అడ్వాన్స్‌డ్‌లో సీపీయూ కాన్ఫిగరేషన్ అని ఉంది, అందులో ఐదో ఆరో లైను, ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ, డిసేబుల్డ్. ఎనేబుల్డ్ చేసి ఎఫ్10 కొట్టి బయటికి వచ్చాను. ఒక్క లైను. దానికి పన్నెండు వేలు అడిగారు. రెండు మిషన్ల మీదా డెబియన్ లైనక్స్ లేచింది, లాగిన్ అని అడుగుతూ నల్ల స్క్రీన్ మీద కర్సర్ కొట్టుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ5200 మూడింటికీ మానిటర్ మోడ్ నో. ఈ7500కి యెస్ వచ్చింది, కానీ సెకండ్ లెవల్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ మాత్రం నో.

ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. ఐ3లలో ఒకటి ఈరోజు పొద్దున మళ్లీ అదే ఎర్రర్ ఇచ్చింది. బయోస్‌లోకి వెళ్లి చూస్తే మళ్లీ డిసేబుల్డ్! నేను సేవ్ చేయలేదేమో అనుకుని ఇంకోసారి చేశాను, బాగానే నడిచింది. రాత్రి మెయిన్ ఆపి ఇంటికి వెళ్తాను కదా, రేపు ఎలా ఉంటుందో తెలియదు.

రెండోది లాప్‌టాప్. టాస్క్ మేనేజర్‌లో ఎనేబుల్డ్ అనే ఉంది. కానీ సిస్టమ్‌ఇన్ఫోలో ఆ నాలుగు లైన్లు రావడమే లేదు, హైపర్‌వైజర్ డిటెక్టెడ్ అని ఏదో ఒక వాక్యం వస్తోంది. వర్చువల్‌బాక్స్ నడుస్తుంది గానీ ఐ3 కన్నా మెల్లగా ఉంది, కింద చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోంది. ఇదేమిటో అర్థం కాలేదు.


ఉప్పుగాలి, రాజోలు

అక్కా, మొదటి సందేహం నా పని. ఇక్కడ ఇరవై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. ఆ మిషన్‌లో గడియారం చూడండి. పొద్దున ఆన్ చేయగానే తేదీ పాత ఏడాదికి వెళ్లిపోయి ఉంటుంది, నెట్ తగిలాక సరిదిద్దుకుంటుంది, అందుకే మీకు కనబడలేదు. మదర్‌బోర్డు మీద ఉండే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. మెయిన్ ఆపగానే బయోస్ తను నేర్చుకున్నదంతా మర్చిపోయి కంపెనీ సెట్టింగులకి వెళ్లిపోతోంది, ఆ బోర్డులో కంపెనీ సెట్టింగ్ వీటీ ఆఫ్. అంతే.

సీఆర్2032 అని అడగండి, వాచీ షాపుల్లో కూడా దొరుకుతుంది, రూపాయి బిళ్ల కన్నా మందంగా ఉంటుంది. కొత్తది 3 వోల్టులు. పాతది మల్టీమీటర్‌తో చూస్తే 2.8 కన్నా తక్కువ ఉంటే మార్చేయడమే మంచిది.

కానీ బ్యాటరీ మార్చి ఊరుకోవద్దు. మన వైపు మిషన్లకి ఇంకో జబ్బు ఉంది. సముద్రం దగ్గర, పైగా ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు, గాలిలో ఉప్పు తడి ఆరదు. బ్యాటరీ తీశాక ఆ గుంటలో అడుగున ఉండే చిన్న ఇత్తడి నాలుక చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. అలా ఉంటే కొత్త బ్యాటరీ వేసినా సరిగ్గా తగలదు, నెల తిరక్కుండా మళ్లీ ఇదే గొడవ. పెన్సిల్ రబ్బరు ముక్క కోసి దాంతో మెల్లగా రుద్దండి, నాలుక మెరిసేదాకా. గరుకు కాగితం వాడొద్దు, పై పూత పోతే ఇంకా త్వరగా చిలుము పడుతుంది. ముందు పవర్ వైరు పీకేసి, స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, అప్పుడు మొదలుపెట్టండి. అంతర్వేది వైపు నుంచి నా దగ్గరికి వచ్చే మిషన్లలో సగానికి బ్యాటరీ తప్పు కాదు, ఈ చిలుమే.

బయోస్ మార్చాక ఒకసారి పూర్తిగా ఆపండి. విండోస్ 10లో షట్‌డౌన్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల నిజంగా మొదటి నుంచి లేవదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కి, మెయిన్ తీసి పది లెక్కపెట్టి వేయండి. కొన్ని పాత బోర్డులు ఇలా చేస్తేనే వీటీ మార్పు తీసుకుంటాయి.

వేరే కంపెనీల మిషన్లు ఎవరైనా ఇది చదువుతుంటే: హెచ్‌పీ కాంపాక్ డెస్క్‌టాప్‌లలో ఎఫ్10తో లోపలికి వెళ్లి సెక్యూరిటీ, అందులో సిస్టమ్ సెక్యూరిటీలో ఉంటుంది, సీపీయూ దగ్గర వెతికితే దొరకదు. డెల్ ఆప్టిప్లెక్స్‌లో ఎఫ్2, వర్చువలైజేషన్ సపోర్ట్ అని విడిగా ఒక విభాగమే ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో వర్చువలైజేషన్ అన్న మాటే చాలాచోట్ల ఉండదు, ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. ఆ పేరు తెలియక ఎంతమంది లేదనుకుంటున్నారో.

ఈ7500 మీ దగ్గరే ఉంచండి అక్కా. ఆదివారం నరసాపురం పని మీద వస్తున్నాను, దారిలో ఆగి చూస్తాను.


లాకుగట్టు, భీమవరం

లాప్‌టాప్ సంగతి నేను చెప్పిన మూడోది. పై చేను పట్టేసుకుంది. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ చాలా కొత్త లాప్‌టాప్‌లలో ముందే ఆన్ అయి వస్తుంది. దానికోసం విండోస్ తానే ఒక హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లను నడిపే పొర, మీద ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు ఏఎండీ-వీ దాని చేతిలో ఉంటుంది, వర్చువల్‌బాక్స్ దాన్ని అడిగి తీసుకోవాలి. తాబేలు బొమ్మకి అర్థం అదే. సిస్టమ్‌ఇన్ఫోలో నాలుగు లైన్లు రాకపోవడం కూడా అందుకే, అది తప్పు కాదు, హైపర్‌వైజర్ ఇప్పటికే నడుస్తోంది అంటే చిప్పూ బయోసూ రెండూ బాగున్నాయని రుజువు.

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్‌లోకి వెళ్లి మెమరీ ఇంటిగ్రిటీ ఆపండి, విండోస్ ఫీచర్స్‌లో వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేయండి, రీస్టార్ట్ చేయండి. తాబేలు పోతుంది.


తూర్పుతీరం, కాకినాడ

లాకుగట్టు గారు చెప్పిన మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ ఈ ఒక్కటి వద్దండి. ల్యాబ్ మిషన్ అయితే సరే. మేడమ్ లాప్‌టాప్ అంటే అందులోనే సెంటర్ లెక్కలు, జీఎస్టీ, బ్యాంకు పనులు ఉండి ఉంటాయి. చెడ్డ డ్రైవర్ ఏదైనా దూరి కెర్నల్‌ను పట్టుకోకుండా కాపాడేది ఆ మెమరీ ఇంటిగ్రిటీయే. కొంచెం వేగం కోసం దాన్ని తీసేయడం నాకు నచ్చదు. హోమ్ ఎడిషన్‌లో కూడా విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యుఎస్ఎల్2 నడుస్తుంది, అది విండోస్ హైపర్‌వైజర్‌నే వాడుకుంటుంది కాబట్టి తాబేలు సమస్యే రాదు. పాఠం చెప్పి చూపించడానికి అది చాలు.

ఇంకో జాగ్రత్త, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. లాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగ్ మార్చేముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మార్చిన తర్వాత మొదటిసారి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే తెరిచి కాగితం మీద రాసుకోండి. మా ఆఫీసులో ఒక అబ్బాయి ఇది తెలియక బయోస్ మార్చి, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేక, రెండు రోజులు కంగారుపడ్డాడు. దొరికింది గానీ ఆ రెండు రోజులూ వాడికి తిండి సయించలేదు.

ఈ5200లను పారేయకండి. వర్చువల్‌బాక్స్ పాత వెర్షన్ వేసుకుంటే వీటీ లేకున్నా 32 బిట్‌వి నడుస్తాయని ఎవరైనా చెప్తారు, ఒకప్పుడు నిజమే, 2019 చివర్లో వచ్చిన 6.1తో ఆ పద్ధతి తీసేశారు. అంతకు ముందు వెర్షన్లకి 2020 నుంచి అప్‌డేట్లు లేవు, పిల్లలకి అలాంటిది అలవాటు చేయొద్దు. దానికి బదులు ఐ3లు రెండింటికీ ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేయండి. గ్రాఫిక్స్ లేని డెబియన్‌కి ఒక్కోదానికి 512 ఎంబీ ఇస్తే క్లాసు పాఠాలకి సరిపోతుంది, ఒక్కో ఐ3 మీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు హాయిగా నడుస్తాయి. ప్రతి వర్చువల్ మెషీన్ విడి కంప్యూటర్‌లా కనిపించేలా నెట్‌వర్క్ బ్రిడ్జ్‌డ్‌లో పెట్టి, ఈ5200ల దగ్గర కూర్చున్న అమ్మాయిలు పుట్టీ ప్రోగ్రామ్‌తో ఎస్ఎస్‌హెచ్ చేసి, అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి, అందులోకి వెళ్లొచ్చు. రేపు ఉద్యోగంలో సర్వర్ ఎక్కడో ఉంటుంది, వీళ్లు ఇంకెక్కడో కూర్చుని అలాగే పనిచేస్తారు. నిజానికి ఇదే సరైన అలవాటు. లేదంటే ఆ మిషన్లలోనే డబ్ల్యుఎస్ఎల్ మొదటి వెర్షన్ వేయండి, విండోస్ 10 64 బిట్ అయితే చాలు, దానికి వర్చువలైజేషన్ అక్కర్లేదు.


దిండి_రేవు

నేను ఆ క్లాసులో చేరబోతున్న అమ్మాయినే అండి, మేడమ్ ఈ లింకు పంపించారు. అందరూ చెప్పింది చదివాను. నాకు ఒకటే అర్థం కాలేదు. వర్చువల్ మెషీన్ అంటే సాఫ్ట్‌వేరే కదా, మరి దానికి చిప్‌లో విడిగా ఫీచర్ ఎందుకు కావాలి?


తూర్పుతీరం, కాకినాడ

చాలా మంచి ప్రశ్న తల్లీ, క్లాసు మొదలవకుండానే అసలు చోట పట్టుకున్నావు.

ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా మిషన్ మొత్తానికి తనే యజమాని అనుకుని రాసి ఉంటుంది. మెమరీ పంచేది, పరికరాలతో మాట్లాడేది అన్నీ తనే. ప్రాసెసర్‌లో ఆ యజమానికి ఒక పెద్ద హోదా ఉంటుంది, రింగ్ జీరో అంటారు. మామూలు ప్రోగ్రామ్‌లు రింగ్ త్రీలో ఉంటాయి. ఇప్పుడు విండోస్ ఇప్పటికే ఆ కుర్చీలో ఉండగా లోపల డెబియన్ వచ్చి అదే కుర్చీ అడిగితే ఏం చేయాలి? తక్కువ హోదాలో కూర్చోబెట్టి, పెద్ద పని ఏదైనా చేయబోయినప్పుడల్లా పట్టుకుని ఆ పని మనం చేసిపెట్టాలి. 1974లోనే పోపెక్, గోల్డ్‌బర్గ్ అని ఇద్దరు ఇలా నడవాలంటే ప్రాసెసర్ ఎలా ఉండాలో రాశారు. సున్నితమైన ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తక్కువ హోదాలో నడిచినప్పుడు తప్పకుండా పట్టుబడాలి, అదీ షరతు. పాత ఇంటెల్ చిప్‌లలో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు పట్టుబడేవి కావు. ఎర్రర్ ఇవ్వకుండా, పని పూర్తిగా చేయకుండా నిశ్శబ్దంగా దాటిపోయేవి. లోపలి సిస్టమ్ తను చేసిన పని అయిందనుకుని ముందుకు వెళ్లి ఎక్కడో కూలిపోయేది.

1999లో వీఎంవేర్ వాళ్లు దీన్ని సాఫ్ట్‌వేర్‌తోనే గట్టెక్కించారు, ఆ ఇన్‌స్ట్రక్షన్లను నడిచేముందే వెతికి పట్టుకుని వేరేగా తిరగరాసి నడిపించారు. గొప్ప పని అది, కానీ బరువైనది. వీటీ-ఎక్స్, ఏఎండీ-వీ వచ్చాక ప్రాసెసరే లోపలి సిస్టమ్‌కి విడిగా ఒక లోకం ఇచ్చింది. అందులో దానికి రింగ్ జీరో ఉంటుంది, తను యజమానే అనుకుంటుంది, కానీ ముఖ్యమైన పని వచ్చినప్పుడు ప్రాసెసర్ ఆపి పగ్గాలు బయటి హైపర్‌వైజర్‌కి ఇస్తుంది. మిగతా టైమంతా నేరుగా చిప్ మీదే నడుస్తుంది, అందుకే అంత వేగం.

మేడమ్ రాసిన సెకండ్ లెవల్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ కూడా ఇలాంటిదే. లోపలి సిస్టమ్ అనుకునే మెమరీ చిరునామా నిజమైన చిరునామా కాదు, ఇంకోసారి మార్చాలి. ఆ రెండో మార్పిడిని కూడా చిప్పే చేసిపెడితే ఆ పేరు. ఇంటెల్‌లో 2008లో వచ్చిన నెహలేమ్ నుంచి ఉంది. కోర్ 2 డ్యూయోలో లేదు కాబట్టి ఈ7500లో వీటీ ఉన్నా ఆ మార్పిడి అంతా సాఫ్ట్‌వేర్ మోయాలి, మెల్లగానే ఉంటుంది. విండోస్ 10లోని హైపర్-వీ అయితే అది లేకపోతే అసలు లేవదు. ఆ మిషన్‌లో నేరుగా డెబియన్ వేసుకుని దాని మీద కేవీఎం (లైనక్స్ సొంత వర్చువల్ మెషీన్ల పద్ధతి) వాడుకోండి.


క్షీరారామం_వీధి, పాలకొల్లు

ఆదివారం రాజోలు తమ్ముడు చెప్పినట్టే వచ్చాడు. ముందు ఐ3 మూత తీశాడు. బ్యాటరీ పీకి నా వేలి మీద పెడితే అడుగుభాగం తడితడిగా, గుంటలో ఆ నాలుక అచ్చం పాత దేవుడి గంట రంగులో పచ్చగా ఉంది. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోంచి రబ్బరు తెచ్చి ముక్క కోసి ఇచ్చాను. ఓపిగ్గా రుద్ది, కొత్త బ్యాటరీ వేసి, వీటీ ఆన్ చేసి, నా కళ్లముందే మెయిన్ ఆపి టీ తాగేదాకా ఆగి మళ్లీ వేశాడు. ఎనేబుల్డ్ అలాగే ఉంది, తేదీ కూడా సరిగ్గా ఉంది. రెండో ఐ3కి ఇంకా చెడకపోయినా అదీ మార్చేశాం.

తర్వాత ఈ7500. ఫ్యాను విప్పితే ప్రాసెసర్ మీద పేస్టు సున్నంలా ఎండిపోయి ఉంది. దూది తడిపి తుడుస్తుంటే ఒక్కో అక్షరం బయటపడింది, ఫోన్ లైటు వేసి నేనే చదివాను. ఎస్ఎల్‌జీటీఈ. సిస్టమ్‌ఇన్ఫోలో యెస్ వచ్చింది నిజమేనన్నమాట. కొత్త పేస్టు పూసి బిగించాడు. ఎంత ఇవ్వమన్నావు అంటే బ్యాటరీల డబ్బు తప్ప తీసుకోనన్నాడు, బలవంతంగా పూతరేకుల పొట్లం బ్యాగులో పెట్టాను.

తూర్పుతీరం గారి మాట విని లాప్‌టాప్‌లో మెమరీ ఇంటిగ్రిటీ అలాగే ఉంచాను, మీరన్నట్టే బ్యాంకు పనులన్నీ అందులోనే. డబ్ల్యుఎస్ఎల్2 వేసుకున్నాను. లాకుగట్టు గారూ, ఏమీ అనుకోవద్దండి, మీ తూము లెక్క లేకపోతే నాకు ఏదీ అర్థమయ్యేది కాదు, పిల్లలకి మొదటి రోజు అదే చెప్తాను.

ర్యామ్ రెండు ముక్కలు కొన్నాను, ఐ3 ఒక్కోదాని మీద నాలుగేసి డెబియన్‌లు లేచాయి, ఎనిమిది. తొమ్మిదో అమ్మాయికి ఈ7500. అందరికీ సరిపోయింది. సోమవారం సాయంత్రం నాలుగున్నరకి మొదటి క్లాసు. దిండి వైపు బస్సు ఆరున్నరకి ఉంది కాబట్టి ఆరింటికి వదిలేస్తాను.


లాకుగట్టు, భీమవరం

ఏమీ అనుకోనండి, ఆయన చెప్పింది మీ లాప్‌టాప్‌కి సరైనదే. ఒక చిన్న పని చేయండి, సోమవారం లోపు ఎనిమిదింటికీ స్నాప్‌షాట్ తీసి, మొదటి రోజు అని పేరు పెట్టుకోండి. ఎస్ఎస్‌హెచ్ కీలు, ఐపీ అడ్రస్‌లు ఒక్కోదానికి వేరుగా ఉన్నాయో లేదో చూడండి, ఒకే మెషీన్‌ని క్లోన్ చేసి ఉంటే క్లోన్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్ గుర్తింపు సంఖ్య) కొత్తది ఇవ్వమన్న ఆప్షన్ ఎంచుకోకపోతే రెండు మెషీన్లు ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి.


క్షీరారామం_వీధి, పాలకొల్లు

ఆయ్, క్లోనే చేశానండి, ఆ ఆప్షన్ చూసుకోలేదు. ఇప్పుడే సెంటర్‌కి వెళ్లి మార్చేస్తాను.